హత్యలల్లిన యిల్లాలు: అగాథా క్రిస్టీ జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితమును వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, నేను పోతనామాత్యుని గూర్చియో, గ్రంథాలయోద్యమమునకు తన జీవితమును ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారిని గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. వారిని గూర్చి నాకంటె బాగుగా వ్రాయగలవారు మన యూరనే కలరు. నేను ఎన్నుకొన్నది ఒక ఆంగ్లవనితను. ఆమె వృత్తి యేమనగా, కాగితముమీద హత్యలు చేయించుట, చేసినవానిని తుదకు పట్టించుట. ఆమె పేరు అగాథా క్రిస్టీ. కీర్తిశేషురాలై దాదాపు అర్ధశతాబ్ది యైనది.

ఈ యెన్నికకు కారణము చెప్పుకొనుట నాకు కొంత సిగ్గు. మన గ్రంథాలయమున అట్టలూడి, అంచులు నలిగి, దారముతో మరల కుట్టబడిన పుస్తకము లెవ్వియో చూడుడు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరు నవలలు ముందువరుసలో నుండును. ఇందారము, శ్రీరాంపురము గనులలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు నిద్రకు ముందు చదువునది అదియే. పరీక్షలు ముగించిన విద్యార్థి వచ్చి అడుగునదియు నదియే. అయినను కొన్నియేండ్ల క్రిందట, పుస్తకములకని వచ్చిన సొమ్ములో అపరాధపరిశోధక నవలలకు ఒక్క రూపాయియు వెచ్చింపరాదని గట్టిగా వాదించినవాడను నేనే. భారత భాగవతములు నాయంతట నేను చదువుకొన్న గర్వము నాచేత ఆ మాట లనిపించినది. విరాటపర్వమున కీచకుడు చచ్చిన తీరు వినినంతనే, చంపినవాడు భీముడే కావలయుననియు, పాండవులు విరాటుని నగరమున దాగియుందురనియు దుర్యోధనుడు ఊహించుట అపరాధపరిశోధనము గాక మరేమి యని అప్పుడు నాకు తోచలేదు.

ఆ పిమ్మట ఒక వర్షాకాలమున, మా యింటికి చుట్టపుచూపుగా వచ్చినవారు మరచిపోయిన ఆంగ్లనవల నొకదానిని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, పదునెనిమిది దినములకు చదివి ముగించితిని. నేనెట్లు మోసపోయితినో ముందు చెప్పెదను. మొదట ఆమె కథ.

అగాథా 1890వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమున డెవన్ మండలములోని టార్కీ పట్టణమున జన్మించెను. తండ్రి ఫ్రెడరిక్ మిల్లరు అమెరికా దేశస్థుడు. పూర్వుల ఆస్తిమీద వచ్చు రాబడితో సుఖముగా బ్రతికినవాడే కాని ఉద్యోగము చేసినవాడు కాడు. తల్లి క్లారాకు వింత నమ్మకములు మెండు. పిల్లలకు ఎనిమిదేండ్లు నిండువరకు చదువు నేర్పరాదని ఆమె నిశ్చయము. కడగొట్టుబిడ్డ యైన అగాథా యింటిలోని పుస్తకములను చూచి చూచి, ఐదేండ్ల ప్రాయముననే ఎవరును నేర్పకుండ చదువ నేర్చెను. తండ్రివద్ద లెక్కలు చేయుట ఆమెకు మిక్కిలి ప్రీతి. బడికి పోయి క్రమముగా చదివినది బహుస్వల్పము. స్వయంకృషితో నాలుగక్షరములు నేర్చిన నావంటివానికి ఈ సంగతి కొంత ఊరట.

1901లో తండ్రి మరణించెను. అప్పటికే ఆస్తి కరగిపోవుచుండెను. తల్లి యెట్లో యిల్లు నిలుపుకొని, కొమార్తెను పారిసు నగరమునకు పంపి సంగీతము నేర్పించెను. వేళ్లలో విద్య యున్నను నలుగురి యెదుట కూర్చుండిన చేతులు వణకుటచే ఆ దారి మూసికొనిపోయెను. ఈ సిగ్గు ఆమెను తుదివరకు విడువలేదు. ఒకనా డక్కసెల్లెండ్రు ఇరువురును ఒక డిటెక్టివు నవలను గూర్చి ముచ్చటించుచుండగా, అట్టిది తానును వ్రాయవలెనని యున్నదని చెల్లెలనెను. అది నీవలన కాదని అక్క మ్యాడ్జి తేల్చివేసెను. ఆ పందెపుమాట ఈమె మనసున నాటుకొనిపోయెను.

1914 క్రిస్మసు ముందునాడు, యుద్ధము మొదలైన కొలది మాసములకు, ఆర్చిబాల్డు క్రిస్టీ యను సైనికోద్యోగిని ఆమె వివాహమాడెను. భర్త రణరంగమునకు పోగా, తాను టార్కీలోని ఆసుపత్రిలో గాయపడినవారికి శుశ్రూష చేసి, తరువాత మందులు కలుపు పనిలో ప్రవేశించెను. మన వాడుకలో చెప్పవలెనన్న కాంపౌండరు. 1917లో అందుకు పరీక్షయు నిచ్చి నెగ్గెను. ఆమె నవలలలో సగమునకు పైగా విషప్రయోగములే యుండుటకును, ఆ విషముల పాళ్లు తూచినట్లుండుటకును ఇదియే మూలము.

ఆ శిక్షణకాలమున జరిగిన ఒక సంగతిని ఆమె తన ఆత్మకథలో వ్రాసికొనెను. పట్టణములోని ఒక మందుల వర్తకుడు ఆమెకు పని నేర్పుచుండెను. ఆయన ఒకనాడు మందువత్తులు తయారుచేయుచు దశాంశ బిందువును తప్పుచోట వేసెను. అందుచే మందు పాలు ప్రమాదకరమైనంత హెచ్చిపోయెను. ఈమె తప్పు కనిపెట్టెను. కాని అంతటివానితో నీ లెక్క తప్పని చెప్పుటకు ఈ పిల్లకు నోరాడలేదు; చెప్పినను ఆయన ఒప్పుకొనెడివాడు కాడు. ఏమిచేసెననగా, పొరపాటున తొట్రుపడినట్లు నటించి ఆ వత్తుల పళ్లెమును క్రింద పడవేసి, కాలితో త్రొక్కి, క్షమింపుమని వేడుకొని, మరల చేయించెను. ఒక చుక్క తప్పుచోట పడిన ఎంతటి యనర్థమో లెక్కలు వ్రాయువారికి తెలియును. ఆ వర్తకుడే తన జేబులో క్యురారీ యను ఘోరవిషపు ముక్కను ఎల్లవేళల ఉంచుకొని, దానివలన తనకు బలము కలిగినట్లుండునని చెప్పుకొనెడివాడట. అట్టి మనిషిని ఆమె మరువలేదు. నాలుగు దశాబ్దములు గడచిన తరువాత ఒక నవలలో పాత్రగా వాడుకొనెను.

మందుల గదిలో పని తక్కువగా నున్న వేళలలో మొదటి నవల పుట్టెను. 1916లో వ్రాసిన ఈ ‘ది మిస్టీరియస్ అఫేర్ ఎట్ స్టైల్స్’ను అనేకులు త్రిప్పిపంపగా, తుదకు జాన్ లేన్ అను ప్రకాశకుడు అంగీకరించెను. 1920లో అమెరికాలోను, మరుసటి జనవరిలో ఇంగ్లండులోను అది వెలువడెను. ఆమెకు ముట్టినది 25 పౌనులు మాత్రమే. పత్రికల ప్రశంసలలో ఆమెకు మిక్కిలి సంతోషము కలిగించినది మందుల వృత్తివారి పత్రిక వ్రాసిన సమీక్ష. ఏలయన, ఈ రచయిత్రికి విషముల సంగతి నిజముగా తెలియునని వారు ఒప్పుకొనిరి. యుద్ధకాలమున బెల్జియము నుండి టార్కీకి వచ్చి తలదాచుకొన్న కాందిశీకులను చూచి, ఆ దేశపు విశ్రాంత పోలీసు ఉద్యోగిగా హెర్క్యూల్ పొయరోను కల్పించెను. కోడిగ్రుడ్డువంటి తల, మైనముతో దువ్విన మీసములు, క్రమముపై పిచ్చి. ఇతడు లోకప్రసిద్ధుడు.

కాని నాకు నచ్చినవారు వేరు. 1922లో వచ్చిన రెండవ నవలలో టామీ, టపెన్సు అను యువకుడును యువతియు కనబడుదురు. యుద్ధము ముగిసినది, ఉద్యోగము లేదు, జేబులో చిల్లర లేదు. ఏ పనికైనను సిద్ధమని పత్రికలో ప్రకటన యిత్తమని ఒక టీ హోటలులో కూర్చుండి తలచుదురు. అక్కడినుండి వారి కష్టములు మొదలు. పోలీసు శిక్షణము లేదు, అధికారము లేదు. ఉన్నదెల్ల చొరవ, కొంటెతనము. వారు ఒకరినొకరు వేళాకోళము చేసికొనుచునే మృత్యుముఖము నుండి తప్పించుకొందురు. ఇట్టి హాస్యము హత్యకథలో నిముడునని నేను ఎరుగను. పొయరో ఏండ్లు గడచినను మారని వాడు. ఈ దంపతులు మాత్రము రచయిత్రితోపాటు పెద్దవారై, 1973లో వచ్చిన తుదినవలలో ముదుసలులై కనబడుదురు. ఆ తుదినవల అంత బాగుండలేదని చెప్పక తప్పదు.

ఇక 1926. ఈ యేడు ఆమెకు కీర్తియు దుఃఖమును జమిలిగా వచ్చెను. ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ అను నవల ఈ యేడే వెలువడెను. మా యింటిలో మరచిపోబడిన పుస్తక మిదియే. ముప్పది యేండ్లు ఇతరుల పద్దులు సరిచూచినవాడను. తప్పుడు పద్దు సరియైన పద్దుకంటె నీటుగా నుండునని ఎరిగినవాడను. ప్రతి పుటకు అనుమానితుల పేరులు వ్రాసికొనుచు చదివితిని. హంతకుడు తెలిసినప్పుడు ఆ కాగితమును చింపివేసితిని. కోపమువచ్చి వెనుకకు పోయి ఆమె యెక్కడ అబద్ధమాడినదో చూచితిని. ఎక్కడను లేదు. ఆధారములెల్ల నా కన్నులయెదుటనే యుంచెను. చూడక పోయినది నేను. అన్యాయము చేసినదని అప్పటి పాఠకులు కొందరు అలజడి చేసిరట. నేను వారి పక్షము కాను. హంతకుడెవరో యిచట చెప్పుట పాపము, చదువుకొనుడు.

ఆ యేడు ఏప్రిలులో తల్లి మరణించెను. పుట్టినింటి సామానులు సర్దుచు ఆమె దుఃఖమున మునిగియుండగా, భర్త వచ్చి తనకు వేరొక స్త్రీపై మనసైనదనియు విడాకులు కావలెననియు చెప్పెను. డిసెంబరు 3వ తేదీ రాత్రి, ఏడేండ్ల కూతురు రోజలిండు నిద్రించుచుండగా, ఆమె కారు నడుపుకొని యిల్లు వెడలెను. మరునాడు సర్రే మండలమున గిల్డుఫర్డు పట్టణ సమీపమున, న్యూలాండ్సు కార్నరు అనుచోట ఆ కారు ఒక పల్లమున నిలిచియుండెను. లోపల బొచ్చుకోటు కలదు, మనిషి లేదు. వేయికి పైగా పోలీసులు, వేలకొలది ప్రజలు పొదలు, చెరువులు గాలించిరి. విమానములు తిరిగెను. షెర్లాకు హోమ్సును సృష్టించిన కోనన్ డాయిల్ అంతటివాడు ఆమె చేతితొడుగును ఆత్మలతో మాటాడు మనిషి కిచ్చి ఆచూకీ అడిగెను. డొరొతీ సేయర్సు అను మరొక డిటెక్టివు రచయిత్రి తానే స్థలమునకు పోయి పరిశీలించెను. భర్తయే చంపినాడేమో యని ఊరెల్ల అనుకొనెను. ఇన్ని కల్పిత రహస్యములు విప్పినవారిలో ఒక్కరును ఈ నిజమైన రహస్యమును విప్పలేకపోయిరి. పదునొకండు దినములకు, డిసెంబరు 14న, ఉత్తరదిక్కున హారోగేటు పట్టణములోని ఒక హోటలులో ఆమె కనబడెను. అచట వాద్యము వాయించు బృందములోనివారు గుర్తుపట్టిరి. హోటలు పుస్తకములో ఆమె వ్రాసిన యింటిపేరు, భర్త మనసుపడిన స్త్రీ యింటిపేరు.

జ్ఞాపకము తప్పినదని వైద్యులు చెప్పిరి. భర్తకు బుద్ధిచెప్పుటకే యని కొందరు, పుస్తకములు అమ్ముకొనుటకని కొందరు నానావిధములుగ పలికిరి. ఆమె తన ఆత్మకథలో ఈ దినములను గూర్చి ఒక్కమాటయు వ్రాయలేదు. దుఃఖములో నున్న ఆడుదానిని లోకమంతయు వేటాడుట కంటె, ఆమె మౌనమే నాకు న్యాయముగా కనబడును. 1928లో విడాకులయ్యెను.

విచిత్ర మేమనగా, ఆ పెనుగాలి వెలసిన మరుసటి యేడే ఆమె కలము నుండి మిక్కిలి ప్రశాంతమైన పాత్ర పుట్టినది. 1927 డిసెంబరులో ఒక పత్రికలో వచ్చిన చిన్నకథలో కొందరు ఒక యింట కూడి, తమకు తెలిసిన చిక్కు నేరముల కథలు చెప్పుకొందురు. వారిలో పోలీసుశాఖలో అత్యున్నతపదవి చేసి విరమించినవాడు, న్యాయవాది, మతాచార్యుడు, చిత్రకారిణి, నవలారచయిత కలరు. మూలను పొయ్యిదగ్గర కూర్చుండి ఊలు అల్లుచున్న ఒక అవివాహిత ముసలమ్మను ఎవరును లెక్కలోనికి తీసికొనరు. తుదకు చిక్కు విప్పునది ఆ ముసలమ్మయే. ఆమెయే మిస్ మార్పిల్. నివాసము సెయింట్ మేరీ మీడ్ అను పల్లె. 1930లో మొదటి నవల, తరువాత మొత్తము పండ్రెండు నవలలు, ఇరువది కథలు ఆమెపై వెలువడెను.

మిస్ మార్పిల్ పద్ధతిని గూర్చి కొంత చెప్పవలెను; ఇది మన పల్లెవారికి అవసరమైన సంగతి. ఆమె భూతద్దము పట్టదు, బూడిద పరీక్షింపదు. పట్టణమునుండి వచ్చిన ఘనుడు హత్యకేసులో చిక్కుకొన్న, అతని మాటతీరు మా పల్లెలో ఫలానా పాలవాని కొడుకు మాటతీరువలె నున్నదే యని తలచును. ఆ కొడుకు ఏమి చేసినాడో ఆమెకు తెలియును. కావున ఈ ఘనుడు ఏమి చేసియుండునో ఊహించును. మనుష్యస్వభావము ఎచ్చటనైన నొకటియే, పల్లెలో అది దగ్గరగా కనబడును, అంతియే భేదము. ప్రతివాని యందును చెడుగును శంకించుట, ఆ శంక తరచు నిజమగుట తన అమ్మమ్మ లక్షణమని, దానినే ఈ పాత్రకు ఇచ్చితినని అగాథా చెప్పుకొనెను. మన వాడలలో అరుగుమీద కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచు, ఎవరి కోడలు ఏ వేళకు నీళ్లకు పోయినది, ఎవరి యింటికి ఏ బండి వచ్చినది చెప్పగల అవ్వలు లేరా? పంచాయతీలో భూమితగాదా వచ్చినప్పుడు, కాగితములు తేల్చలేని గట్టుసంగతిని అట్టి అవ్వ యొకతె రెండుమాటలలో తేల్చుట నేను స్వయముగ చూచినాను. ఆమెను సాక్షిగా ఎవరును పిలువలేదు. మజ్జిగ యిచ్చుటకు వచ్చి చెప్పిపోయెను.

1942లో వచ్చిన మార్పిల్ నవలకు ‘గ్రంథాలయములో శవము’ అని అర్థమిచ్చు పేరు. మన కార్యదర్శిగారు భయపడవలదు. అచటి ధనికుల యిండ్లలో పుస్తకములుంచు గదిని అట్లే పిలుతురు.

రెండవ భాగ్యము ఆమెకు ప్రయాణమువలన కలిగెను. 1928లో ఓరియంటు ఎక్స్‌ప్రెస్సు రైలులో ఒంటరిగా బాగ్దాదుకు పోయి, ఊరు అను ప్రాచీననగరపు త్రవ్వకములు చూచెను. 1930లో అచటికే మరల పోగా మాక్సు మాలొవన్ అను పురాతత్త్వ శాస్త్రజ్ఞుడు పరిచితుడయ్యెను. ఆ సెప్టెంబరులోనే వివాహము. వరునికి 26, వధువునకు 39. నవ్వినవారు నవ్విరి, దాంపత్యము మాత్రము నలుబదియైదేండ్లు సుఖముగా సాగెను. ఇరాకు, సిరియా ఎడారులలో భర్తతో గుడారములందుండి, దొరికిన కుండపెంకులను శుభ్రపరచెను, ఛాయాచిత్రములు తీసెను. నిమ్రూదులో దొరికిన దంతపు బొమ్మల మట్టిని తాను మొగమునకు రాచుకొను క్రీముతో తుడిచెనట. మధ్యమధ్య హత్యలును సాగుచుండెను: 1934లో ఓరియంటు ఎక్స్‌ప్రెస్సుమీద, 1937లో నైలునదిమీద.

ఆమె వ్రాతపద్ధతిలో ఆర్భాటము లేదు. బడిపిల్లలు వ్రాయు నోటుపుస్తకములు డెబ్బదిమూడు మిగిలియున్నవి. వానిలో ఒక పుటలో ఎవరికి ఎట్టి విషము పెట్టవలెనో యున్న, ప్రక్కనే యింటికి కావలసిన సరుకుల పట్టీ యుండును. రెండవ యుద్ధకాలమున లండనులో మరల ఆసుపత్రి మందులగదిలో పనిచేసెను. బాంబులు పడుచున్న ఆ దినములలో, తాను మరణించినచో కూతునకును భర్తకును పనికివచ్చునని రెండు నవలలు వ్రాసి, అచ్చుకీయక భద్రపరచెను. అందొకటి పొయరో మరణకథ. అది 1975లో వెలువడగా, న్యూయార్కు టైమ్సు పత్రిక జీవించి యున్న మనిషికి వలె ఆ కల్పిత పురుషునకు మొదటిపుటలో మరణవార్త ప్రకటించెను. ‘మౌస్ ట్రాప్’ అను ఆమె నాటకము 1952 నవంబరులో లండనులో మొదలై, 2020లో కోవిడు మూయించువరకు నాగా లేకుండ ఆడెను; 2021లో మరల తెరలేచెను.

లోపములు లేకపోలేదు. ఆమె పాత్రలలో పెక్కు ఒక్క గీతతో గీసిన బొమ్మలు. పనివారిని, పరదేశీయులను గూర్చి ఆమె కాలపు పెద్దింటివారి చులకనచూపు అచ్చటచ్చట తగులును. 1939లో వచ్చిన ప్రసిద్ధనవల మొదటిపేరు నల్లజాతివారిని అవమానించునది కాగా, తరువాత మార్చవలసివచ్చెను. 1945లో ఎడ్మండు విల్సను అను అమెరికను విమర్శకుడు ఇట్టి నవలలు చదువుట వ్యర్థకాలక్షేపమని తీర్పు చెప్పెను. అది నేను చెప్పిన మాటయే కావున, ఆయనను నిందింపజాలను.

1971లో ఆమెకు బ్రిటిషు ప్రభుత్వము డేమ్ బిరుద మిచ్చెను. 1976 జనవరి 12న వాలింగ్‌ఫర్డు సమీపమున స్వగృహమున మరణించెను. చోల్సీ యను పల్లెలో చర్చి ఆవరణమున సమాధి కలదు. డిటెక్టివు నవలలే అరువదియారు.

ఆమె పోయిన మరుసటి యేడు జరిగినది వ్రాసి ముగించెదను. ఇందుకు 1961లో వచ్చిన ‘ది పేల్ హార్సు’ అను నవల రహస్యములో కొంత బయటపెట్టక తప్పదు, పాఠకులు మన్నింతురుగాక. మందులవర్తకుని మరువలేదని పైని చెప్పితినే, ఆయన నీడ పడినది ఈ నవలలోనే. 1977లో కటారు దేశమునుండి పందొమ్మిదినెలల పసిబిడ్డ నొకతెను లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రికి తెచ్చిరి. రోగమేమో ఎవరికిని అంతుపట్టలేదు, బిడ్డ క్షీణించుచుండెను. మంచముప్రక్క కాచియున్న ఒక నర్సు అప్పుడీ నవల చదువుచుండెను. బిడ్డ తలవెండ్రుకలు రాలుట చూచి, నవలలోని థాలియము విషపు లక్షణములు ఇవియే యని వైద్యులకు చెప్పెను. పరీక్షింపగా నిజమయ్యెను. ఇంటిలో ఎలుకలను బొద్దింకలను చంపుటకు వాడిన మందులో ఆ విషము కలదు. చికిత్స మారెను, బిడ్డ కోలుకొనెను. వైద్యులు తమ శాస్త్రపత్రికలో ఈ రోగచరిత్రను ప్రకటించుచు, ఆ నర్సునకును, దివంగతురాలైన అగాథా క్రిస్టీకిని కృతజ్ఞతలు వ్రాసిరి.

ఆ నవల మన గ్రంథాలయమున లేదు. ఈ యేటి కొనుగోలు పట్టీలో చేర్చవలసినదిగా కార్యదర్శిగారికి అర్జీ యిచ్చియున్నాను. సొమ్ము చాలనిచో ఆ ఒక్క పుస్తకపు వెల నేనే భరింతును.